సంచిలో మోసిన కోడు

ఒక్క మాట కొట్టి ఎంటర్ నొక్కితే కావలసినవన్నీ తమంతట తామే వచ్చి కంప్యూటర్లో పడాలనుకునేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. వాళ్లను చూస్తే నవ్వొచ్చేది, కోపమొచ్చేది, జాలి మాత్రం ఎన్నడూ రాలేదు. వేలు కదిపితే పని అయిపోవాలి. ఏం వచ్చిందో, ఎక్కడినుంచి వచ్చిందో, ఎవడు రాశాడో అక్కర్లేదు. మళ్లీ వీళ్లు ఇంజనీర్లు! మెడలో పట్టీ, చేతిలో కాఫీ కప్పు, నోట్లో ఇంగ్లిషు. థూ అని పైకే అనేవాడిని.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. సాఫ్ట్‌వేర్ రాసేవాడు మొత్తం తానే రాస్తాడని జనం అనుకుంటారు. రాయడు. తేదీలు చూసుకునే కోడు ఎవరో రాసిపెట్టి ఉంటారు. తెలుగు అక్షరాలు కాగితం మీద విరగకుండా పడేలా చేసే కోడు ఇంకెవరో రాసి ఉంటారు. వాటిని ప్యాకేజీలంటారు. మనం తెచ్చుకొని మన పనిలో కలుపుకుంటాం. చిక్కేమిటంటే ఒక ప్యాకేజీకి ఇంకో మూడు కావాలి, ఆ మూడింటికి మరో పది కావాలి. ఒక్క చుట్టాన్ని పిలిస్తే వాడి వెనకాల బస్సు నిండా దిగినట్టు ఉంటుంది. ఇవన్నీ ఒక్కొక్కటే వెతికి, దించుకొని, ఏది ఏ వెర్షనో చూసుకొని చేత్తో పేర్చుకోవడం ఒక పద్ధతి. డిపెండెన్సీ మేనేజర్ అనే ప్రోగ్రాముకు ఒక జాబితా రాసిచ్చి, అన్నీ నువ్వే తేవయ్యా అని కూర్చోవడం ఇంకో పద్ధతి. అది అన్నీ తెచ్చి, ఏ వెర్షన్ తెచ్చిందో ఒక ఫైల్లో రాసి పెడుతుంది కూడా. నేను మొదటి పద్ధతి మనిషిని. ఆ పద్ధతి తప్ప మిగతాదంతా సోమరితనమని నా లెక్క.

మా ఆఫీసు కరీంనగర్‌లో, బస్టాండు నుంచి నడిచి పోయేంత దూరంలో. కింద మొబైల్ దుకాణం, పైన మేము. రక్తం, మూత్రం పరీక్షలు చేసే ల్యాబుల కోసం సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. పేషెంటు పేరు రాసుకోవడం, రిపోర్టు ముద్రించడం, పాత రిపోర్టులు తీసి చూపించడం, ఇంతే పని. జగిత్యాలలో, మంచిర్యాలలో, ఆదిలాబాద్‌లో మా సాఫ్ట్‌వేర్ వాడే ల్యాబులున్నాయి. నేను చేరిన కొత్తలో ఇంటర్నెట్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. ప్యాకేజీలన్నీ ఉన్నప్పుడే దించి ఒక ఫోల్డర్లో దాచుకునేవాడిని. దానికి ‘సంచి’ అని పేరు పెట్టాను. ఎక్కడికి పోయినా సంచి పెన్‌డ్రైవ్‌లో నాతోనే వచ్చేది. దానితోపాటు ఒక పెద్ద నోటుబుక్కు ఉండేది. ప్రతి ప్యాకేజీ పేరు, వెర్షన్, ఎక్కడ తెచ్చాను, ఎందుకు తెచ్చాను అని నా చేతిరాతతో రాసేవాడిని.

ఈ నోటుబుక్కు బుద్ధి నాకు మా బాపు, అంటే మా నాన్న దగ్గర అబ్బింది. ఆయన బొగ్గు బాయిలో, అదే గనిలో, ల్యాంప్ రూమ్ మనిషి. లోపలికి దిగే ప్రతి మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ల కిటికీలో ఇచ్చి టోపీ దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ల తీసుకోవాలి. షిఫ్టు ముగిశాక బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. ముప్పై రెండేళ్లు బాపు ఆ కిటికీ దగ్గర నిలబడ్డాడు. క్వార్టర్లో అన్నం తినేటప్పుడు కూడా ఆయన కళ్లు పళ్లేలను లెక్కపెట్టేవి. నా నోటుబుక్కు ఆ బోర్డులాంటిదని ఆఫీసులో కొత్తగా వచ్చినవాళ్లకు గొప్పగా చెప్పుకునేవాడిని. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. విన్నవాళ్ల ఓపికకు దండం పెట్టాలి.

అలాంటి ఆఫీసులోకి ఆమె వచ్చింది. ఊరు ఆసిఫాబాద్. చదువు, మొదటి ఉద్యోగం నాగపూర్‌లో. నా వయసే ఉంటుంది, ఒకటి రెండేళ్లు అటూ ఇటూ. బిడ్డ పుట్టాక ఐదేళ్లు ఇంట్లోనే ఉండిపోయింది. భర్త పని కరీంనగర్‌కు మారాక మళ్లీ ఉద్యోగం వెతుక్కుంది. ఐదేళ్లు ఖాళీగా ఉన్న మనిషిని ఎవరూ తీసుకోలేదట. మా సార్, అంటే మా కంపెనీ యజమాని, తీసుకున్నాడు. “గీ ఒక్కటి నిలబడితె చాలు సార్, మల్ల నా బండి పట్టాల మీదికెక్కుతది” అని మొదటి రోజే మా అందరి ముందూ చెప్పింది. అంత విప్పి చెప్పుకునే మనుషులన్నా నాకు చిరాకే. ఆమెకు ‘నాగపూర్ మేడం’ అని పేరు పెట్టింది నేనే.

వచ్చిన వారానికే నా సంచి చూసి నోరు తెరిచింది.

“గివన్ని మీరు చేతితోనే మోస్తున్రా సార్?”

“మోస్తున్న. ఏం, బరువైతున్నదా నీకు?”

“బరువని కాదు. మీకు జరమొచ్చి పండుకుంటె మేమెట్ల నడుపాలె?”

“నాకు జరం రాదు” అన్నాను. ఆఫీసంతా నవ్వింది. ఆ నవ్వు నాకు ఎంత తియ్యగా ఉండిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

నోటుబుక్కు తీసి, బాపు ముచ్చట మొదలుపెట్టి, ఇది ల్యాంప్ రూమ్ బోర్డు అని చెప్పాను. ఆమె పేజీలు తిప్పి చూసింది. నా చేతిరాత నాకే కష్టం, ఆమెకేం అర్థమవుతుంది.

“బోర్డు గోడకుంటది గద సార్” అంది. “దారిన పోయెటోనికి సుత కనవడ్తది. మీ బుక్కు మీ బ్యాగుల ఉంటది.”

మాట నాకు తగిలినప్పుడు నేనేం చేస్తానో అదే చేశాను. నాగపూర్ బిర్యానీ మీద ఏదో కుళ్లు జోకు వేశాను. ఆమె నవ్వలేదు. “జాఊ దే” అనుకుంటూ తన కుర్చీకి పోయింది. పోనీలే అనడానికి ఆమె ఎప్పుడూ వాడే మరాఠీ మాట అది. మా దగ్గర పనిచేసినన్నాళ్లూ నాతో ఎక్కువగా మాట్లాడిన మాట కూడా అదే అయి ఉంటుంది.

నాలుగు నెలలు ఆమె తన పద్ధతిలో పని చేసింది. నా నోటుబుక్కు అడిగి తీసుకొని, ఒక్కో పేరు, ఒక్కో వెర్షన్ నన్ను అడుగుతూ జాబితా రాసింది. నేను విసుక్కుంటూ చెప్పేవాడిని. కావాలనే సగం సగం చెప్పేవాడిని. ఆమె మళ్లీ అడిగేది. చివరికి ఆ జాబితా ఒక ఫైల్లో నిలబడింది. ఏ కంప్యూటర్ మీదైనా ఒక్క కమాండు కొడితే నలభై మూడు ప్యాకేజీలు, అవే వెర్షన్లు, వరసగా దిగిపోయేవి. ఎందుకు ఏది అవసరమో పక్కన తెలుగులో, ఇంగ్లిషులో నోట్స్ కూడా రాసింది. రిసెప్షన్‌లో కూర్చునే ఆమెతో సహా అందరూ ఒకసారి ఆ కమాండు కొట్టి చూశారు. నేను కొట్టలేదు. ఆట బొమ్మ కదా అది, పెద్దమనిషిని, నేనెందుకు కొడతాను!

మంచిర్యాల ల్యాబుకు కొత్త వెర్షన్ ఆమె జాబితాతోనే పెడదామని సార్ అన్నాడు. నెలాఖరు వారంలో పెట్టారు. అంతా సాఫీగా నడిచింది. నాకు ఆ వారమంతా అన్నం సరిగ్గా పోలేదు. ఎక్కడైనా ఏదైనా విరగాలని మొక్కుకోలేదు కానీ విరిగితే బాగుండునని మాత్రం ఉండింది. ఇంత నీచం మనిషిలో ఉంటుందా అంటే ఉంటుంది, నేను సాక్షిని.

కొత్త నెల ఐదో తేదీన విరిగింది. చెన్నూరు వైపు నుంచి ఒక పెద్దమనిషిని హెర్నియా ఆపరేషన్‌కు తీసుకొచ్చారు. ఆ రోజు పొద్దున తీసిన షుగర్ రిపోర్టు అన్నిటికన్నా పైన రావాలి. పైన వచ్చింది మాత్రం పోయిన నెల ఇరవయ్యో తేదీ రిపోర్టు. అందులో షుగర్ ఆకాశంలో ఉంది. డాక్టర్లు ఆపరేషన్ వాయిదా వేశారు. పదిహేను రోజులు పథ్యం చేసి షుగర్ దించుకొచ్చిన మనిషి, జీపు కట్టుకొని వచ్చిన ఇంటివాళ్లు ఊరుకుంటారా. ల్యాబులో బల్లలు గుద్దారు. చూస్తే అసలు సంగతి ఏమిటంటే, ఐదో తేదీ ఆరో నెల అని రాస్తే కంప్యూటర్ దాన్ని ఆరో తేదీ ఐదో నెలగా చదివి, కొత్త రిపోర్టును పాతదాని కిందికి తోసేస్తోంది. పన్నెండో తేదీ దాటితే అలా చదవడం కుదరదు కాబట్టి నెలాఖరులో అది బయటపడలేదు. ల్యాబు యజమాని మా సార్‌కు ఫోన్ చేసి తిట్టిన తిట్లు గోడ అవతల ఉన్న నాకు కూడా వినపడ్డాయి.

మధ్యాహ్నం సార్ అందరినీ గదిలోకి పిలిచాడు. ఆమె, నేను కాక సార్‌తో కలిపి ఐదుగురు. నేను తయారుగా ఉన్నాను. లేచి నిలబడి మాట్లాడాను. ముక్కూ మొహం తెలియనివాడు రాసిన కోడును చూడకుండా దించుకుంటే ఇట్లే అవుతుందన్నాను. తేదీలు చూసే ఇదే ప్యాకేజీ నా సంచిలో ఆరేళ్లుగా ఉంది, ఒక్క రోజన్నా తేదీ తిరగబడిందా అని అడిగాను. “గా మేనేజర్ ఏం తెచ్చిందో మేడంకు సుత తెల్వది” అన్నాను. ఆ ‘మేడం’ అనే మాటను ఎంత వంకరగా అనవచ్చో అంత వంకరగా అన్నాను.

ఆమె గొంతు పెంచలేదు.

“మీ బుక్కుల ఏ వెర్షన్ ఉన్నదో నా లిస్టుల గదే ఉన్నది సార్. ఒకటే వెర్షన్ రెండు తీర్ల ఎట్ల చేస్తది? మీ సంచిల ఉన్న ఫైలు, నేను దించిన ఫైలు పక్కపక్క పెట్టి చూద్దాం. పది నిమిషాల పని.”

“నా సంచిని సోదా చేస్తవా నువ్వు?” అన్నాను. “పన్నెండేండ్ల సంది నడుస్తున్నది గది. నిన్న గాక మొన్నచ్చి నన్ను దొంగను చేస్తవా?”

“దొంగ అంటలే సార్. చూద్దాం అంటున్న.”

“చూసేది లేదు, గీసేది లేదు. మంచిర్యాలకు నేను పోత. నా సంచి పెడ్త. నడువకపోతె నన్ను అడుగుండ్రి.”

ఆమె మిగతా వాళ్ల వైపు చూసింది. ఒక్కరన్నా చూద్దాం అంటారని చూసింది. ఒకడు ఫోన్ చూసుకుంటున్నాడు. ఒకడు ఫ్యాన్ వైపు చూస్తున్నాడు. సార్ పెన్ను మూత తీసి పెడుతూ, తీసి పెడుతూ కూర్చున్నాడు.

మర్నాడు మంచిర్యాల పోయి నా సంచిలోని కోడు పెట్టాను. తేదీలు సక్కబడ్డాయి. ల్యాబు యజమాని చాయ్ తెప్పించాడు, భుజం తట్టాడు. తిరిగి వచ్చేసరికి ఆమె కుర్చీ ఖాళీ. రేపటినుంచి రావద్దని సార్ చెప్పేశాడట. ఆమె పెట్టిన జాబితా ఫైలును నేనే తీసి పక్కన పడేశాను. నేను గెలిచాను. ఆ సాయంత్రం బాపుకు ఫోన్ చేసి ఈ గెలుపు సంగతి చెప్పుకున్నాను కూడా. ఆయన ఊఁ అన్నాడు అంతే.

రెండేళ్లు గడిచాయి. నా తల ఇంకొంచెం పెరిగింది. కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా మేనేజర్ మాట ఎత్తితే నాగపూర్ మేడం కథ చెప్పి నోరు మూయించేవాడిని. ఆమె కథ మా ఆఫీసులో ఒక బెదిరింపు అయింది.

ఈ మధ్య నా కంప్యూటర్ డిస్కు పోయింది. పెన్‌డ్రైవ్‌లో ఉందిలే అనుకుంటే అది కూడా తెరుచుకోలేదు. సంచి గల్లంతు. అదే సమయానికి ఆదిలాబాద్‌లో ఒక ల్యాబుకు కొత్తగా పెట్టాలి. నేను భయపడలేదు. నోటుబుక్కు ఉంది కదా! ఒక్కో పేజీ తిప్పుతూ, ఒక్కో ప్యాకేజీ అదే వెర్షన్ వెతుకుతూ, చేత్తో దించాను. మేనేజర్‌ను దగ్గరికి రానివ్వలేదు. తొమ్మిది రోజులు పట్టింది. ఆమె కమాండు కొట్టి ఉంటే చాయ్ చల్లారేలోపు అయ్యేది. అయినా సరే, నా చేతిపని నాది. అంతా పేర్చి, రెండో తేదీన ఒక దొంగ పేషెంటు పేరు రాసి రిపోర్టు తీశాను. రోజు నెలైంది, నెల రోజైంది.

ఇందులో ఎవరి మేనేజరూ లేదు. ఎవరి జాబితా లేదు. అన్నీ నా చేత్తో, నా బుక్కు చూసి తెచ్చినవే.

మంచిర్యాల ల్యాబు కంప్యూటర్లో నా పాత కోడు ఇంకా నడుస్తోంది. అక్కడివాళ్లతో ఆ ఒక్క ఫైలు పంపించుకొని, కొత్తగా దించినదాని పక్కన పెట్టాను. తేడా ఒక్క లైను. పది నిమిషాలు కూడా పట్టలేదు. మూడు నిమిషాలు.

అప్పుడు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ల కింద జగిత్యాల ల్యాబులో కూర్చొని ఉన్నాను. ఆ ప్యాకేజీ రాసినవాడి దేశంలో నెల ముందు, రోజు తర్వాత. మన దగ్గర రోజు ముందు. ల్యాబు మనిషి తొందర చేస్తూ నెత్తి మీద నిలబడ్డాడు. ప్యాకేజీ లోపలికి పోయి ఆ ఒక్క లైను నేనే తిప్పేశాను. ఇంకొకడి కోడును మారిస్తే రాసి పెట్టాలని నాకు తెలుసు. సాయంత్రం రాద్దాంలే అనుకున్నాను. రాయలేదు. ఆ రోజు గదిలో అందరి ముందూ అరిచినప్పుడు ఇది నాకు నిజంగా గుర్తు లేదు. చాలాసార్లు నాకు నేనే ఒట్టేసి చెప్పుకున్నాను. కానీ ఆ పది నిమిషాలంటే నాకు అంత మంట ఎందుకొచ్చిందో మాత్రం చెప్పలేను. తప్పు లేని మనిషి చూసుకోండి పో అంటాడు కదా.

ఆదివారం మంచిర్యాల పోయి బాపు దగ్గర కూర్చున్నాను. రిటైరయ్యాక కట్టుకున్న ఇంటి ముందు కుర్చీ వేసుకొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నాడు. అంతా చెప్పాను. కంప్యూటర్ సంగతులు ఆయనకు తెలియవు, కానీ రాయకుండా ఒకటి లోపలికి పంపానన్నది వెంటనే అర్థమైంది.

“బిళ్ల లేకుండ దిగెటోళ్లు ఎవలనుకున్నవు?” అన్నాడు. “కొత్తోళ్లు గాదు. కొత్తోనికి భయముంటది. గిప్పుడే వస్త, రెండు నిమిషాలే అనుకుంట పాత సర్వీసోడే దిగుతడు. గసుంటోన్ని నేను సుత ఒకసారి ఇడిసిపెట్టిన.”

“ఏమాయె మరి?”

“ఏంగాలె. పైకచ్చిండు. గని వాడచ్చెదాక నేను మనిషిని గాను.” కాసేపు ఈనెలు తీశాడు. “గా పిల్లకు చెప్పినవా?”

“చెప్పలే.”

“మరి నా దగ్గరెందుకు కూసున్నవు? లెవ్వు. ఫోన్ల గాదు, పొయ్యి చెప్పు.”

లోపలినుంచి అమ్మ అన్నం తిని పొమ్మంటున్నా బాపు ఊరుకోలేదు. మర్నాడే రైలెక్కి ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్లో దిగి, ఊళ్లోకి ఆటోలో పోయాను. మేడం సంగతి ముందురోజే రిసెప్షన్ ఆమెకు ఫోన్ చేసి కనుక్కున్నాను. మా దగ్గర ఉద్యోగం పోయాక కరీంనగర్‌లో ఇంకెక్కడా దొరకలేదట. ఎక్కడికి పోయినా, ముందు చేసినచోట ఎందుకు తీసేశారని అడిగారట. ఇప్పుడు సొంత ఊళ్లోనే ఉన్న అత్తగారింట్లో ఉంటూ ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటర్ చెబుతోంది. నేను పోయేసరికి మూడో తరగతి పిల్లలకు బొమ్మల్లో రంగులు నింపడం చూపిస్తోంది. నలభై మూడు ప్యాకేజీలను ఒక్క ఫైల్లో నిలబెట్టిన మనిషి, ‘బకెట్ బొమ్మ మీద నొక్కుండ్రి’ అని చెబుతోంది.

నన్ను చూసి ఆశ్చర్యపోయినట్టు లేదు. బెల్లు కొట్టేదాకా బయట నిలబెట్టింది. తర్వాత వరండాలో బెంచీ మీద కూర్చొని విన్నది. జగిత్యాల, ఒక్క లైను, నోటుబుక్కు, ఆదిలాబాద్, అన్నీ చెప్పాను. తప్పు నాదేనన్నాను.

“గిది నాకెందుకు చెప్తున్రు సార్?” అంది.

“మీకు చెప్పకపోతె ఎవలకు చెప్పాలె?”

“నా తప్పు లేదన్నది నాకు గా రోజే తెలుసు. నాకు కొత్తగ తెలిసిందేమున్నది? గా రూముల ఐదుగురుండిరి. వాళ్లందరు నేను చెడగొట్టిన్ననుకున్నరు. మీరు అందరి ముందట అన్నరు. నా ఒక్క చెవుల చెప్పి పోతున్రు.” బెంచీ మీంచి లేచింది. “వాళ్లకు చెప్పుండ్రి. ఒక్కొక్కలకు. చెప్పినంక నాకు చెప్పుండ్రి.”

క్షమించమని అడగడానికి కూడా సందు ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

ఆ ఐదుగురిలో ముగ్గురు ఎప్పుడో వెళ్లిపోయారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. హైదరాబాద్‌లో ఉన్నవాడు, “ఎవలామె అన్నా? యాదికస్తలేదు” అన్నాడు. నేను చెప్పుకుంటూ పోతే మధ్యలో ఆగి, “గా ఐదో తేదీ లొల్లా! గిప్పుడు తవ్వుడు ఎందుకన్నా గది” అని నవ్వాడు. రెండోవాడు మీటింగులో ఉన్నానని పెట్టేశాడు, మళ్లీ మళ్లీ చేసి చెప్పాను. మూడోవాడు అంతా విని, ఏం ఫికర్ పెట్టుకోకు అని నన్నే ఓదార్చాడు. నన్ను ఓదార్చాడు! ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. ఒక మనిషి బతుకు తెరువు పోయిందిరా అంటే, పోగొట్టుకున్నామెను వదిలేసి పోగొట్టినవాడి వీపు నిమురుతారు. మా ఆఫీసులో తయారైన సరుకు ఇట్లాగే ఉంటుంది, నాతో కలిపి.

మిగిలిన ఇద్దరిలో రిసెప్షన్ ఆమె మాత్రం సూటిగా చెప్పింది. “నాకప్పుడే అనుమానముండె సార్. మీతోని అనుడెట్ల? మాటంటె మీదికస్తరు గద మీరు.”

ఇక మిగిలింది సార్. కావాలనే ఆయన్ని చివరికి పెట్టుకున్నాను. ఆయన దగ్గర నా మర్యాద పోతుందని నా భయం. మధ్యాహ్నం గదిలోకి పోయి, తలుపు వేసి, నిలబడే మొత్తం చెప్పాను. ఉద్యోగం పోయినా సరే అనుకొని చెప్పాను. ఆయన డబ్బాలోని పెరుగన్నం తింటూ విన్నాడు. చెయ్యి ఆగలేదు.

“గది నాకు ఎరుకే” అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

“గా రోజు మీరందరు పోయినంక నేనే చూసిన. నీ కంప్యూటర్ల ఉన్న ఫైలు, ఆమె దించిన ఫైలు పక్కపక్క పెట్టిన. ఒక్క లైన్. నువ్వు మార్చినవని తెలిసింది.”

“తెలిసి సుత ఆమెను పంపించిండ్రా సార్?”

ఆయన నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు. నా మీద కోపం లేదు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

“మంచిర్యాల ల్యాబు ఓనర్‌కు ఒకలను తీసేసిన్నని చెప్పాలె గద. నిన్ను తీసేస్తె ఎట్ల? నీ సంచిల ఏమున్నదో నీకు తప్ప ఎవ్వలకు తెల్వది. నీ రాత దేవునికి సుత సమజ్ గాదు. నువ్వు పోతె ఎనిమిది ల్యాబులు పండుకుంటయి. ఆమె అంత మంచిగ రాసిపెట్టింది. ఎవలచ్చి కూసున్నా నడుస్తది. ఆమె లేకున్నా నడుస్తది. గందుకే ఆమెను పంపిన.” డబ్బా మూత పెట్టాడు. “నువ్వు గొప్ప పనిమంతునివని ఉంచుకున్న అనుకున్నవా?”

అవును, అలాగే అనుకున్నాను. పద్నాలుగేళ్లూ అలాగే అనుకున్నాను. ఎవరికీ అర్థం కాకుండా పెట్టుకున్న నా చెత్తను నా పనితనం అనుకున్నాను. మేనేజర్ వాడేవాళ్లను సోమరులన్నాను, తేరగా తినేవాళ్లన్నాను. ఒకరికి తెలియకుండా పని చేసుకొని ఆ చీకట్లో కూర్చొని జీతం తిన్నవాడిని ఏమనాలో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు.

గదిలోంచి బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి ఆమెకు ఫోన్ చేశాను. బడి వదిలే వేళ, వెనకాల పిల్లల గోల. అందరికీ చెప్పానన్నాను.

“సార్‌కు?”

“సార్‌కు సుత చెప్పిన.”

“ఏమన్నడు?”

అబద్ధం చెప్పవచ్చు. ఆయన బాధపడ్డాడని, నన్ను తిట్టాడని ఏదో ఒకటి అనవచ్చు. చెప్పలేకపోయాను. ఆయన అన్నది అన్నట్టు, ఒక్క మాట వదలకుండా చెప్పాను. పిల్లలకు దూరంగా నడిచింది కాబోలు, గోల తగ్గింది.

“అంటె నేను సక్కగ రాసినందుకు పోయిన్నా?”

“అవును మేడం.”

“మీరు రాయనందుకు ఉన్నరా?”

“అవును.”

ఇంకొకటి అడిగింది.

“ఇప్పుడు ఆదిలాబాద్‌ల పెట్టింది దేనితోని? లిస్టుతోనా, సంచితోనా?”

తొమ్మిది రోజులు కూర్చొని నా చేత్తో మళ్లీ కట్టాను. ఎవరికీ చూపలేదు, ఎక్కడా రాయలేదు. మంచిర్యాల ఫైలు చూసి మళ్లీ తిప్పిన ఆ ఒక్క లైను కూడా ఇంకా నోటుబుక్కులో ఎక్కలేదు.

“సంచితోనే” అన్నాను.

ఆమె ఫోన్ పెట్టేసింది.